మండల విద్యాశాఖాధికారి బాధ్యతకు సిద్ధమవుతున్నవారు తమ నాయకత్వాన్ని తామే ఎలా అంచనా వేసుకోవాలి?

గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులుగా కొన్నేళ్లు పనిచేసి, మండల విద్యాశాఖాధికారి బాధ్యత ఎప్పుడైనా తమ మీదికి రావచ్చునని ఎదురుచూస్తున్నవారు శాఖాపరమైన పరీక్షలు పూర్తి చేసుకుంటారు, జీతభత్యాల ఉత్తర్వుల సంకలనాలు దగ్గర పెట్టుకుంటారు, జిల్లా కార్యాలయంలో తెలిసినవారి ఫోన్ నంబర్లు సేకరించుకుంటారు. తమను తాము పరీక్షించుకునేవారు మాత్రం అరుదు. ఇన్‌ఛార్జిగా ఆ కుర్చీలో కూర్చున్న మొదటి సంవత్సరం నేను కూడా ఆ పని చేయలేదు. దాని ఫలితాన్ని నాకంటే ఎక్కువగా మండలంలోని చిన్న బడుల పిల్లలు అనుభవించారని నాకు ఆలస్యంగా అర్థమయింది. అందుకే ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఒక్కో మండలానికి ఇద్దరు విద్యాశాఖాధికారుల విధానం ఉంది. తెలంగాణలో చాలా మండలాల్లో సీనియర్ ప్రధానోపాధ్యాయులే తమ ఉన్నత పాఠశాల పనితో పాటు మండల బాధ్యతను కూడా మోస్తున్నారు. పదవి స్వరూపంలో ఈ తేడాలున్నా, ప్రధానోపాధ్యాయుడి పనికీ మండలాధికారి పనికీ మధ్య ఉన్న దూరం రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. ప్రధానోపాధ్యాయుడు తన బడిలో రోజూ ఉంటాడు, కాబట్టి తప్పు జరిగిన పూటే చూసి సరిదిద్దగలడు. మండల విద్యాశాఖాధికారి ఏ బడిలోనూ రోజూ ఉండడు. నెలకు ఒకసారో, రెండు నెలలకు ఒకసారో వచ్చి రెండు గంటలు గడిపి వెళ్లే మనిషి మిగతా రోజుల్లో ఆ బడి నడిచే తీరును ఎలా ప్రభావితం చేయగలడన్నదే ఈ పదవికి సంబంధించిన అసలు ప్రశ్న. మీ అంచనా మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరగాలి.

దీనికి ఆరు వారాల సమయం, ఒక మంచి నోటుపుస్తకం, మీతో నిజం చెప్పగల ఒక సహోద్యోగి అవసరమవుతారు. ఆ నోటుపుస్తకం మరెవరూ చూడరన్న నమ్మకం మీకు కలగాలి, లేకపోతే మీరు అందులో కూడా నివేదికే రాస్తారు.

మొదటి పని: పదవి మిమ్మల్ని ఏమేమి అడుగుతుందో రాసుకోండి

బలాలు, బలహీనతలు అనేవి ఒక పనిని ముందు పెట్టుకున్నప్పుడే తెలుస్తాయి. ఒక రోజంతా మీ మండల కార్యాలయంలో కూర్చొని, అక్కడి అధికారి అనుమతితో, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ బల్ల మీదికి వచ్చిన ప్రతి విషయాన్నీ రాసుకోండి. సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయురాలి ప్రసూతి సెలవు మంజూరు, ఎవరికో 12 ఏళ్ల ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలు (పదోన్నతి లేకుండా ఒకే పోస్టులో అన్నేళ్లు పనిచేసినవారికి ఇచ్చే పై స్కేలు), పదోన్నతి పొందినవారికి ఎఫ్.ఆర్. (ఫండమెంటల్ రూల్) 22(బి) ప్రకారం జీతం స్థిరీకరణ, బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో తప్పుగా నమోదైన పిల్లల సంఖ్య, గుడ్లు సరఫరా కాలేదన్న ఫోను, పక్క ఊరి బడికి ఉపాధ్యాయుణ్ని సర్దుబాటు చేయమన్న సర్పంచి, సమాచార హక్కు చట్టం కింద వచ్చి గడువు దగ్గరపడిన అర్జీ, ఫీజుల గురించి ప్రైవేటు పాఠశాలపై ఒక తండ్రి ఫిర్యాదు, మధ్యలో జిల్లా నుంచి టెలికాన్ఫరెన్స్. ఒక్క రోజుకే మీ పేజీలు నిండిపోతాయి.

ఆ జాబితాలో ప్రతి దాని ఎదురుగా ఒకే ఒక మాట రాయండి: ‘చేశాను’, ‘చూశాను’, ‘తెలియదు’. ఇందులో గొప్పలకు గానీ వినయానికి గానీ చోటు లేదు. ఉన్నత పాఠశాలలో బిల్లుల పని అంతా జూనియర్ అసిస్టెంట్ చూసుకుంటే మీరు సంతకం పెట్టి ఉంటారు. అది ‘చూశాను’ కిందికే వస్తుంది. సర్వీసు రిజిస్టరులో మీ చేత్తో నమోదు రాసి, ట్రెజరీ వేసిన అభ్యంతరానికి మీరే సమాధానం పంపి ఉంటేనే ‘చేశాను’ అని రాయండి.

చట్టం అడిగేవి కూడా ఈ జాబితాలో చేరాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో ఏడాదికి 200 పనిదినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలంటుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని 21వ సెక్షన్ చెబుతుంది. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 17వ సెక్షన్ నిషేధిస్తుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడుకోరాదని 27వ సెక్షన్ అంటుంది. వీటిని బట్టీ పట్టడం తేలిక. మీ బడిలో గత ఏడాది వీటిలో ఏది ఉల్లంఘనకు గురైంది, అప్పుడు మీరు ఏమి చేశారు అన్న ప్రశ్నకు జవాబు రాయండి. రాసేటప్పుడు చేయి ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకోండి, తరువాత దాని అవసరం వస్తుంది.

రెండో పని: రెండు వారాల సమయాన్ని లెక్క కట్టండి

పన్నెండు పనిదినాల పాటు ప్రతి అరగంటకూ మీరు ఏమి చేశారో రాయండి. సాయంత్రం గుర్తు చేసుకొని రాస్తే పనికిరాదు, ఎందుకంటే జ్ఞాపకం మనకు నచ్చిన పనులకు ఎక్కువ సమయం కేటాయిస్తుంది. రెండు వారాలు పూర్తయ్యాక, మరొకరు చేయగలిగి ఉండీ మీరే చేసిన పనుల కింద గీత గీయండి. తరగతి గదిలో కనీసం ఇరవై నిమిషాలు కూర్చొని పాఠం విన్న సందర్భాలకు చుట్టూ సున్నా చుట్టండి.

తరగతి పరిశీలన తన బలమని నాతో చెప్పిన ఒక సహోద్యోగి ఈ లెక్క వేసుకున్నప్పుడు ఆయన పేజీల్లో ఒక్క సున్నా కూడా లేదు. వరండాలో నడుస్తూ కిటికీలోంచి చూడడాన్ని ఆయన పరిశీలనగా భావించారు. ఆయన అబద్ధం చెప్పలేదు. తన గురించి తనకున్న చిత్రాన్ని ఏనాడూ కాగితం మీద సరిచూసుకోలేదు, అంతే.

మూడో పని: విశేషణాలు వదిలి సంఘటనలు రాయండి

స్వీయ మూల్యాంకన పత్రం ఇవ్వగానే మనం ‘క్రమశిక్షణ గలవాడిని’, ‘అందరినీ కలుపుకొనిపోతాను’, ‘ఓర్పు కొంచెం తక్కువ’ అని రాసేస్తాం. శిక్షణ శిబిరాల్లో ఇటువంటి పత్రాలు నేను చాలా చూశాను, పేరు తీసేస్తే అవి ఎవరివో గుర్తుపట్టలేం. ముఖ్యంగా బలహీనత కింద రాసే ‘పనిలో రాజీపడలేను’ వంటి మాటలు నిజానికి మారువేషంలో ఉన్న పొగడ్తలు.

వాటి స్థానంలో ఆరు సంఘటనలు రాయండి. గత మూడేళ్లలో మీ నిర్ణయం వల్ల మంచి జరిగినవి మూడు, చెడు జరిగినవో చేజారినవో మూడు. ప్రతి సంఘటనకూ ఒక పేజీ చాలు: అప్పుడు పరిస్థితి ఏమిటి, నాకు ఏమి తెలుసు, ఏమి తెలియదు, ఎవరిని అడిగాను, ఎవరిని అడగలేదు, ఏమి చేశాను, నెల తరువాత ఏమైంది. చివరిది చాలా ముఖ్యం. ఒక ఉపాధ్యాయుడు ఆలస్యంగా వస్తున్నందుకు మెమో ఇచ్చిన వారం రోజులు అతను సమయానికి వస్తాడు, అక్కడ కథ ఆపేస్తే అది మీ విజయమవుతుంది. నెల తరువాత అతను తొమ్మిదింటికే వచ్చి స్టాఫ్ రూములో కూర్చుంటున్నాడా, తరగతిలో ఉంటున్నాడా అన్నది కూడా రాస్తే సంఘటన మరోలా కనిపించవచ్చు.

ఆరింటిలో ఒకటి తప్పనిసరిగా సామాజికంగా కష్టమైన సంఘటన కావాలి. వంట చేసే మహిళ కులాన్ని చూపించి కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలను భోజనానికి కూర్చోనివ్వని రోజున మీరు ఏమి చేశారు? ఎనిమిదో తరగతి బాలికకు పెళ్లి నిశ్చయమైందని తెలిసినప్పుడు ఎవరికి ఫోను చేశారు, లేదా ఎవరికీ చేయలేదా? పలుకుబడి గల కుటుంబపు పిల్లవాడు తాండా పిల్లవాడిని కొట్టినప్పుడు ఆ ఇద్దరి తండ్రుల్లో ఎవరికి కుర్చీ చూపించారు, ఎవరు నిలబడి మాట్లాడారు? మండలాధికారి దగ్గరకు వచ్చే విషయాల్లో నిజంగా బరువైనవి ఇవే, అయితే ఏ శిక్షణ పత్రంలోనూ వీటికి గడి ఉండదు. ఇటువంటివి మీ బడిలో ఎప్పుడూ జరగలేదని అనిపిస్తే, మీ దాకా రాలేదేమోనని కూడా ఆలోచించండి.

ఆరు పేజీలూ పూర్తయ్యాక పక్కపక్కన పెట్టుకొని చదవండి. మంచి జరిగిన మూడింటిలో మీరు చేసిన పని ఏది పదేపదే కనిపిస్తోంది? చెడిపోయిన మూడింటిలో ఏది? చాలాసార్లు రెండు చోట్లా ఒకే గుణం కనబడుతుంది. వెంటనే నిర్ణయం తీసుకునే అలవాటు వరదల సమయంలో బడిని ఆశ్రయ కేంద్రంగా మార్చడానికి పనికివచ్చి, ఉపాధ్యాయురాలిపై వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం విషయంలో అన్యాయానికి దారితీసి ఉండవచ్చు. అలా రెండు వైపులా కనిపించిన గుణం పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

నాలుగో పని: ఒక చట్రంలో పెట్టి చూడండి

ఇప్పటిదాకా పోగుచేసినదాన్ని క్రమంలో పెట్టడానికి కొత్త కొలమానం కనిపెట్టనవసరం లేదు. జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలనా సంస్థలోని పాఠశాల నాయకత్వ జాతీయ కేంద్రం తన పాఠ్య ప్రణాళికలో ఏడు రంగాలను గుర్తించింది: నాయకత్వంపై అవగాహన, స్వీయ వికాసం, బోధనాభ్యసన ప్రక్రియను మార్చడం, బృందాన్ని నిర్మించి నడపడం, నవకల్పనలు, భాగస్వామ్యాలు, పాలన. 2015లో మొదలైన శాలాసిద్ధి అనే పాఠశాలల మూల్యాంకన కార్యక్రమం కింద మీ బడి స్వీయ మూల్యాంకనం చేసి ఉంటే, అందులోని ఏడు కీలక రంగాలు కూడా మీకు పరిచయమే. అక్కడ కొలిచింది బడిని, ఇక్కడ కొలవవలసింది మిమ్మల్ని.

ఒక్కో రంగానికి ఒకటి నుంచి నాలుగు వరకు అంకె వేసుకోండి. అయితే ఒక నియమం పెట్టుకోండి: కాగితం మీద ఉన్న ఆధారం చూపించలేకపోతే అంకె వేయకూడదు, ఆ గడిని ఖాళీగా వదిలేయాలి. ఆధారం అంటే మీరు రాసిన సంఘటన, సమయ పట్టిక, కమిటీ తీర్మానాల పుస్తకం, తరగతి పరిశీలన తరువాత ఉపాధ్యాయుడితో మాట్లాడినప్పటి నోట్సు వంటివి. సన్మాన పత్రాలు, పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఆధారాలు కావు. ఉత్తీర్ణత శాతంలో మీ వాటా ఎంతో, ఉపాధ్యాయుల వాటా ఎంతో, ఆ ఏడాది చేరిన పిల్లల వాటా ఎంతో విడదీయడం సాధ్యం కాదు. ఖాళీ గడులే మీకు ఎక్కువ చెబుతాయి. నా పత్రంలో భాగస్వామ్యాలు, నవకల్పనలు రెండూ ఖాళీగా మిగిలాయి. అన్నేళ్లూ దాతల చేత బెంచీలు ఇప్పించడాన్నే నేను భాగస్వామ్యంగా లెక్కపెట్టుకున్నాను, తల్లులతో ఒక్కసారి కూడా పిల్లల చదువు గురించి కూర్చొని మాట్లాడినట్టు ఆధారం దొరకలేదు.

మీరు ఇప్పటికే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) ప్రధానోపాధ్యాయులైతే మరొక అమూల్యమైన ఆధారం ఉంటుంది: పరిసర బడుల సందర్శకుల పుస్తకాల్లో మీ చేతిరాత. వాటిని ఫోనులో ఫొటో తీసుకొని వరుసగా చదవండి. నేను అలా చదివినప్పుడు సగానికి పైగా చోట్ల ‘పిల్లల పఠన సామర్థ్యం మెరుగుపరచాలి, హాజరు పెంచాలి’ అన్న ఒకే వాక్యం కనిపించింది. ఏ తరగతిలో, ఎంతమంది, ఏ అక్షరాల దగ్గర ఆగుతున్నారు, ఉపాధ్యాయురాలు రేపటి నుంచి ఏమి మార్చాలి, నేను మళ్లీ ఎప్పుడు వస్తాను అన్నది ఎక్కడా లేదు. ఆ వాక్యం చదివి ఏ ఉపాధ్యాయురాలూ ఏమీ చేయలేరు. మండలాధికారి బడిలో వదిలి వెళ్లేది ఆ పేజీ ఒక్కటే కాబట్టి, మీ రాత ఎంత నిర్దిష్టంగా ఉందన్నది మీ నాయకత్వపు కొలతల్లో అన్నిటికంటే నమ్మదగినదని నా అభిప్రాయం.

ఐదో పని: చెప్పలేనివారి చేత చెప్పించండి

1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు జోహారీ కిటికీ అన్న నమూనాను ప్రతిపాదించారు. మనకు కనిపించక, ఎదుటివారికి స్పష్టంగా కనిపించే భాగం ప్రతి మనిషిలోనూ ఉంటుందని అందులో ఒక గడి చెబుతుంది. ఆ గడిలో ఏముందో తెలుసుకోవాలంటే అడగాలి. మన వ్యవస్థలో ఇబ్బంది అక్కడే ఉంది. సెలవు మంజూరు చేసే మనిషి ఎదుటికి వచ్చి ‘సార్, మీలో లోపం ఏమిటంటే’ అని ఎవరూ మొదలుపెట్టరు. ‘నా గురించి నిర్మొహమాటంగా చెప్పండి’ అని మీటింగులో అడిగితే ‘మీలాంటి హెచ్.ఎం. దొరకడం మా అదృష్టం’ అన్న మాటే వస్తుంది, అది చెప్పినవారి తప్పు కాదు.

కాబట్టి ప్రశ్నను మార్చాలి. మీ మీద తీర్పు చెప్పమని అడగకుండా, వారి పని గురించి అడగండి. ‘నేను ఏ ఒక్క పని మానేస్తే మీకు తరగతిలో సమయం మిగులుతుంది?’, ‘నా దాకా తీసుకురాకుండా మీరే సర్దుకున్న సమస్య ఈ ఏడాది ఏదైనా ఉందా, ఎందుకు తీసుకురాలేదు?’, ‘నేను చెప్పిన వాటిలో ఏది అర్థం కాకుండానే సరేనన్నారు?’ అన్న మూడు ప్రశ్నలు కాగితం మీద ముద్రించి ఇవ్వండి. పేరు వద్దు. చేతిరాత తెలిసిపోతుందన్న భయం సహజం కాబట్టి, పక్క మండలంలోని మీ సహోద్యోగి ఆ కాగితాలు తీసుకొని, చదివి, సారాంశాన్ని మాత్రమే మీకు చెప్పే ఏర్పాటు చేయండి. ఆ మాట ముందే అందరికీ చెప్పాలి.

ఎవరిని అడగాలన్నది కూడా ఆలోచించదగినదే. మీతో టీ తాగేవారిని పక్కన పెట్టండి. మీ బడి నుంచి బదిలీ అయి వెళ్లినవారు, ఉద్యోగ విరమణ చేసినవారు ఇక మీ నుంచి ఆశించేది గానీ భయపడేది గానీ లేదు కాబట్టి నిజం చెబుతారు. జూనియర్ అసిస్టెంట్, వంట ఏజెన్సీ మహిళలు, పారిశుద్ధ్య కార్మికురాలు, బడుల సమూహానికి సహకరించే క్లస్టర్ రిసోర్స్ పర్సన్ మిమ్మల్ని ఉపాధ్యాయులు చూడని కోణంలో చూసి ఉంటారు. చదవడం, రాయడం రానివారితో మీ సహోద్యోగి నోటితో మాట్లాడి రాసుకోవాలి. ఉపాధ్యాయినులను విడిగా అడగడం అవసరం, ఎందుకంటే చాలా బడుల్లో సమావేశంలో మాట్లాడేది పురుషులే అయినా మండలంలోని ప్రాథమిక బడులను మోస్తున్నవారిలో మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఉపాధ్యాయ సంఘం నాయకుల్లో మీతో విభేదించిన ఒకరిని కూడా తప్పక అడగండి.

సారాంశం వినేటప్పుడు సమాధానం చెప్పకండి. ‘ఆ రోజు పరిస్థితి వేరు’ అని నోటిదాకా వచ్చిన మాటను నోటుపుస్తకంలో రాసుకొని ఊరుకోండి. ఒక వారం తరువాత దాన్ని చదివితే, అది వివరణో సమర్థనో మీకే తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే మాట అన్నప్పుడు దాన్ని నమ్మండి. ఒక్కరే అన్న కఠినమైన మాటను కొట్టిపారేయకుండా, అలాగని దానితోనే కుంగిపోకుండా, పక్కన గుర్తు పెట్టి ఉంచండి.

ఆరో పని: మీరు లేని రోజుల్లో ఏమి జరిగిందో చూడండి

మీరు శిక్షణకో సెలవుకో వెళ్లిన వారం రోజుల రికార్డులను తీసి చూడండి. ప్రార్థన సమయానికి జరిగిందా, లేని ఉపాధ్యాయుల పీరియడ్లను ఎవరు సర్దారు, భోజనం నమోదు సరిగా ఉందా, వారపు పరీక్ష పెట్టారా, పెడితే పేపర్లు దిద్దారా? అదే వారంలో మీ ఫోనుకు బడి నుంచి వచ్చిన కాల్స్ లెక్కపెట్టి, ఏ విషయానికి వచ్చాయో పక్కన రాయండి. గతంలో రాసుకోకపోతే, ఈసారి వెళ్లినప్పుడు రాసుకోండి.

ఎక్కువ కాల్స్ రావడాన్ని మనం మన ప్రాముఖ్యానికి గుర్తుగా తీసుకుంటాం. నేనూ అలాగే తీసుకున్నాను. మా ఇంట్లో ఒకరి శస్త్రచికిత్స కోసం పది రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బోరు మోటారు చెడిపోతే ఎవరిని పిలవాలన్న దాని దాకా నన్నే అడిగారు. నేను తిరిగి వెళ్లేసరికి వారపు పరీక్షల రిజిస్టరులో ఆ పది రోజుల పేజీలు ఖాళీగా ఉన్నాయి. బడిని నేనే నడుపుతున్నానని అన్నాళ్లూ గర్వపడ్డాను, నేను తప్ప ఎవరూ నడపలేని స్థితికి తెచ్చానని ఆ ఖాళీ పేజీలు చెప్పాయి. ఒక బడిలో ఈ లోపం పది రోజుల నష్టంతో పోతుంది. నలభై బడుల మండలంలో అయితే ప్రతి బడి మీ ఫోను కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది.

ఏడో పని: మీకు తెలియని తరగతిలో ఒక రోజంతా కూర్చోండి

ఇది చాలామంది దాటవేస్తారు, నేను మాత్రం దీన్నే అన్నిటికంటే గట్టిగా చెబుతాను. గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులు చాలావరకు స్కూల్ అసిస్టెంట్లుగా 6 నుంచి 10 తరగతులకు తమ సబ్జెక్టు చెప్పి పైకి వచ్చినవారు. మండలాధికారి బాధ్యతలో ఎక్కువ భాగం మాత్రం ప్రాథమిక బడులదే. 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేలోగా పిల్లలందరికీ చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలంటోంది. ఆరేళ్ల బిడ్డ అక్షరాన్ని శబ్దంతో ఎలా జోడించుకుంటుందో, గుణింతాల దగ్గర ఎందుకు తికమకపడుతుందో, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చే తీసివేతలో ఎక్కడ జారుతుందో తెలియకుండా ఆ బడుల ఉపాధ్యాయులకు మనం ఏమి మార్గదర్శనం చేయగలం?

ఒక ఏకోపాధ్యాయ పాఠశాలను ఎంచుకోండి. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం అంటున్నా, ఇటువంటి బడులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తనిఖీకి రాలేదని, నేర్చుకోవడానికి వచ్చానని ముందే చెప్పి, ఉదయం తలుపు తీసినప్పటి నుంచి సాయంత్రం తాళం వేసేదాకా ఉండండి. వీలైతే ఒక పీరియడు మీరే ఐదు తరగతులను కలిపి కూర్చోబెట్టి పాఠం చెప్పి చూడండి. పదో తరగతిని గుప్పిట్లో పెట్టుకోగల నేను, రెండో తరగతి పిల్లలకు పని ఇచ్చి ఒకటో తరగతి వైపు తిరిగేసరికి మూడో తరగతి మొత్తం కిటికీ దగ్గర చేరింది. ఆ ఉపాధ్యాయురాలు నవ్వకుండా, ముందు ఎవరికి ఏ పని ఇవ్వాలో నాకు చూపించారు.

ఆ సాయంత్రం రెండు పేజీలు రాయండి. ఉపాధ్యాయురాలు చేసినవాటిలో మీరు చేయలేనివి ఒక పేజీలో, మండల స్థాయిలో ఎవరైనా పూనుకుంటే ఆమెకు తేలికయ్యేవి రెండో పేజీలో. రెండో పేజీలో ఫొటోల అప్‌లోడ్‌లు, ఒకే సమాచారాన్ని మూడు యాప్‌లలో నింపడం, పాఠం మధ్యలో వాట్సాప్‌లో వచ్చే ‘అత్యవసరం’ సందేశాలు ఉంటే, వాటిలో ఎన్నిటికి రేపు మీరే కారణమవుతారో ఇప్పుడే గుర్తించండి.

ఎనిమిదో పని: రెండు మాత్రమే ఎంచుకొని తొంభై రోజులు పనిచేయండి

ఈపాటికి మీ దగ్గర పెద్ద జాబితా తయారై ఉంటుంది. దాన్నంతా ఒకేసారి సరిదిద్దుకోవాలని మొదలుపెడితే నెలలోపే పుస్తకం మూతపడుతుంది. ఒక బలాన్ని, ఒక బలహీనతను ఎంచుకోండి. బలాన్ని ఎందుకంటే, మూడో పనిలో పెద్ద అక్షరాలతో రాసిన ఆ గుణానికి హద్దు పెట్టకపోతే, పెద్ద పదవిలో అది చేసే నష్టం కూడా పెద్దదవుతుంది. బలహీనతల్లో దేన్ని ముందుగా తీసుకోవాలన్న సందేహం వస్తే, పిల్లల చదువుకు దగ్గరగా ఉన్నదాన్నే తీసుకోండి. జీతం స్థిరీకరణ తెలియకపోతే తెలిసిన సూపరింటెండెంటును అడగవచ్చు, పక్క మండలం నుంచి నమూనా తెప్పించుకోవచ్చు. తరగతిని చూసి మాట్లాడడం రాకపోతే మీ తరఫున ఎవరూ ఆ పని చేయలేరు.

సాధనను పనిగా రాయండి. ‘అప్పగించడం నేర్చుకోవాలి’ అని రాస్తే ఏమీ జరగదు. ‘వారపు పరీక్షల బాధ్యత ఫలానా ఉపాధ్యాయురాలిది, నేను నెలాఖరులో మాత్రమే చూస్తాను, మధ్యలో జోక్యం చేసుకోను’ అని రాసి, ఆమెకు ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి. ‘నెలకు నాలుగు తరగతులు పూర్తిగా చూస్తాను, రెండు నా సబ్జెక్టు కానివి, అదే రోజు ఆ ఉపాధ్యాయుడితో పావుగంట మాట్లాడి, ఒక్క మార్పు మాత్రమే సూచిస్తాను’ అన్నది మరొక ఉదాహరణ. ఒత్తిడికి లొంగడం మీ బలహీనత అయితే, సర్దుబాటు ఉత్తర్వుల విషయంలో మీరు పాటించే నియమాన్ని ముందే రాసి, స్టాఫ్ రూములో చదివి వినిపించండి. అలా చేశాక సర్పంచికి గానీ సంఘానికి గానీ కాదని చెప్పడానికి మీకు ఒక ఊతం దొరుకుతుంది.

ఈ సాధనకు శిక్షణ గంటలను కూడా వాడుకోవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయులకే కాక ప్రధానోపాధ్యాయులకు, కాంప్లెక్స్ నాయకులకు కూడా ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపర వికాస కార్యక్రమాలను సూచించింది. ఆన్‌లైన్ కోర్సుల జాబితా ముందుకు వచ్చినప్పుడు, తేలికగా సర్టిఫికెట్ వచ్చేవాటికి బదులు, మీ పత్రంలో ఖాళీగా మిగిలిన గడికి సంబంధించినదాన్ని ఎంచుకోండి.

తొంభయ్యో రోజు తేదీని ఇప్పుడే క్యాలెండరులో రాసి, మీ సహోద్యోగికి చెప్పండి. ఆ రోజు ఇద్దరూ బడికి దూరంగా ఎక్కడైనా కూర్చొని, మొదటి వారం సమయ పట్టికనూ చివరి వారం పట్టికనూ పక్కపక్కన పెట్టి చూడండి. అవే మూడు ప్రశ్నలను అదే ఏర్పాటుతో మళ్లీ పంపి, జవాబుల్లో మారినదేమిటో ఆయన నోటనే వినండి. ఏమీ మారలేదని తేలితే ఎంచుకున్న లక్ష్యాన్ని మార్చకండి, సాధనను మార్చి మరో తొంభై రోజులు అదే లక్ష్యంతో కొనసాగండి. మొదటి పనిలో పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటును కూడా ఆ రోజే తెరిచి, అక్కడ మీ చేయి ఎందుకు ఆగిందో మీ సహోద్యోగితో మాట్లాడండి.